పసిపిల్లలకు ఇంటనే చదువు నేర్పుట

(మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని సంఘమువారు మమ్ము కోరిరి. ఏ విద్య యని నిర్ణయింపలేదు. కళాశాలలలోని పెద్ద చదువులనుగూర్చి చెప్పుటకు మనలో సమర్థులు పెక్కురు గలరు. మేము ముప్పదేండ్లకు పైగా ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమనున్న అడవియంచు గ్రామములలో పంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారము. మా చేతిమీదుగా నడచినది పెద్ద చదువు కాదు. ఐదేండ్ల పిల్లల మొదటి చదువు. కావున దానినిగూర్చియే విన్నవించెదము.

మేము చెప్పదలచిన దొక్కటియే. పసిబిడ్డకు చదువుట నేర్పవలసిన మొదటి చోటు బడి కాదు, ఇల్లు. అది పండితులకు మాత్రమే సాధ్యమైన పని కాదు, చేతిపని వంటిది. చేతిపని నేర్పుట మన కులమునకు క్రొత్త కాదు. వడ్రంగి యింట పుట్టిన బిడ్డకు ఉలినిగూర్చి ఎవ్వరును ఉపన్యాసము చేయరు. తండ్రి పనిచేయుచుండగా బిడ్డ చెంత కూర్చుండును. ముందొక చెక్కముక్క, తరువాత మొద్దుబారిన ఉలి, ఆపైని తండ్రి చేయి తన చేతిమీద. తప్పుచెక్కిన ముక్క పొయ్యిలోనికి పోవును. బిడ్డకు దెబ్బ లేదు. కొలిమి యొద్ద తిత్తి యూదుటయు, స్వర్ణకారుని యింట ఊదుగొట్టము పట్టుటయు ఇట్లే వచ్చినవి. ఇంతటి సూక్ష్మమైన పని నేర్పగలిగిన యిల్లు యాబదియారు అక్షరములు నేర్పలేకపోవుట యెట్లు?

మన పెద్దలు ఈ సంగతి నెఱుగుదురు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున చౌలకర్మ యైన పిమ్మట బాలుడు లిపిని, లెక్కను నేర్వవలెనని విధించినాడు. కాళిదాసు రఘువంశమున రఘువు లిపిని గ్రహించి వాఙ్మయమున ప్రవేశించుటను నదీముఖమున సముద్రమును జొచ్చుటతో పోల్చినాడు. గోదావరి యొడ్డున నున్న మనకు ఈ పోలిక వివరింప నక్కఱలేదు. ఏరు లేక సముద్రమునకు పడవ పోదు. లిపి లేక ఏ విద్యయు లేదు.

మన ప్రాంతమున ఈ యేటిదారి చాలకాలము మూసికొనిపోయి యుండెను. ఆ కథ కొంత తెలిసికొనుట మంచిది. 1874లో మధ్యపరగణాలనుండి విడదీసి చెన్నరాజధానిలో చేర్చిన భద్రాచలము తాలూకా ఆంగ్లేయుల పాలనలో నుండెను. నదికి ఈవలి ఖమ్మము నిజాము రాజ్యములోనిది. ఆవలి యొడ్డున బడి యున్నచో తెలుగు బడి. ఈవలి యొడ్డున ప్రభుత్వ విద్యకు భాష ఉర్దూ. ఖాన్గీ బడి పెట్టవలెనన్నను ముందుగా ప్రభుత్వానుమతి కావలెనను నిబంధన యుండెను. అట్టి దినములలో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు దీపము నిలిపిరి. ఆంధ్రమహాసభ 1934లోను, మరల 1945లోను మన ఖమ్మమునందే కూడెను. బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని ఆ మహాసభలవారు కోరుచుండిరి. ఆ కాలమున మన తాతలు నాలుగక్షరములు నేర్చి రన్నచో అది వీధిబడి పంతులవలననో, ఇంటి పెద్దలవలననో జరిగినదే కాని ప్రభుత్వమువలన కాదు. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యయ్యెను. నేడు బడిలేని యూరు అరుదు. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులో నున్నది. పుస్తకములు ఉచితము, మధ్యాహ్నభోజనము ఉచితము.

ఇన్ని యుండియు చదువు వచ్చుచున్నదా? ఇదియే మన ప్రశ్న. 2011 జనాభా లెక్కలలో నాటి ఖమ్మము జిల్లాలో అక్షరాస్యులు నూటికి దాదాపు అరువదియైదుగురు మాత్రమే. ఇది పెద్దల మాట. పిల్లల మాట యింకను విచారకరము. ప్రథమ్ సంస్థవారు పల్లెలలో ఇల్లిల్లు తిరిగి పరీక్షించి ప్రకటించు 'అసర్' నివేదిక ప్రకారము, తెలంగాణ పల్లెలలో మూడవ తరగతి చదువుచున్న పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి పదునెనిమిదిమంది, 2022లో ఐదుగురు. నడుమ కరోనా కారణముగా బడులు మూతపడిన మాట నిజమే. కాని బడి మూతపడగానే చదువు ఆగిపోయినదన్నచో, ఇంటిలో చదువు లేకుండెనని యర్థము. 2022లో ప్రభుత్వము 'తొలిమెట్టు' అను కార్యక్రమము నారంభించి, పై తరగతులకు వచ్చిన పిల్లలకు సైతము చదువుట, వ్రాయుట, లెక్క మొదటినుండి నేర్పింపబూనినది. మంచిదే. కాని తొలిమెట్టు కట్టవలసినది ఇంటి గడప ముందర.

ఒక పంతులు, రెండు మూడు తరగతుల పిల్లలు, ఒకే గది: ఇది మన అడవియంచు బడుల స్థితి. ఆ పంతులు ఎంత శ్రద్ధాళువైనను ఒక్కొక్క బిడ్డయొద్ద దినమునకు రెండు నిమిషములైనను కూర్చుండలేడు. అప్పుడు జరుగునది వల్లెవేయించుట. పిల్లలు పాఠమంతయు గడగడ నప్పగింతురు. తండ్రి విని సంతోషించును. ఆ పుటను నడుమ తెరచి, పైవరుసను చేతితో మూసి, ఒక్క మాట చూపి యడుగుడు; బిడ్డ మొదటినుండి పాట యెత్తుకొనును. అది చదువుట కాదు, వినికిడి జ్ఞాపకము. ఎన్నడును చూడని మాటను చూచి పలుకగలిగిననే చదువు వచ్చినట్లు. ఈ గీటురాయిని తల్లిదండ్రులు మరువరాదు. బంగారమును గీచి చూడక కొనని కులము మనది.

ఇక నేర్పు విధమును వివరించెదము.

మొదట నోటిపని, తరువాత కంటిపని. బిడ్డకు నాలుగేండ్లు నిండువరకు పలక చేతి కీయవలసిన పనిలేదు. కథలు చెప్పుడు; పాటలు పాడుడు; పేర్లు చెప్పించుడు. మాటను ముక్కలుగా విరుచు ఆట నేర్పుడు: ప-డ-వ యని మూడు చప్పట్లు, క-ల యని రెండు. ఒక మాట చివరి యక్షరముతో మరియొక మాట నెత్తుకొను గొలుసాట ఆడుడు: వల, లత, తల. ఈ యాట వచ్చిన బిడ్డకు అక్షరములు సగము వచ్చినట్లే. ఏలయన అక్షరము ధ్వనికి గుర్తు. మాటలో ధ్వనులు వేరువేరుగా నున్నవని చెవికి తెలియనిచో గుర్తు దేనికి?

రెండవది, అక్షరముల క్రమము. మన వర్ణమాల క్రమము సామాన్యమైనది కాదు. వేదాంగములలో నొకటియైన శిక్షాశాస్త్రము ననుసరించి, కంఠమునుండి పెదవులవరకు ధ్వనులు పుట్టు చోటుల ప్రకారము కూర్చబడినది. సంస్కృతము చదువుకొన్న మేము దానిని తక్కువచేసి మాటాడజాలము. కాని ఆ క్రమము నోటికి చేసినది, కంటికి కాదు. నోటితో వర్ణమాలను సాయంకాలము దీపము పెట్టినప్పుడు చదివింపుడు, నాలుక తిరుగును. కంటికి మాత్రము వేరు క్రమము కావలెను. అ, ఆ మొదలుకొని యాబదియారును ముగియువరకు బిడ్డ ఒక్క మాటయు చదువలేకున్నచో, ఆ నెలలన్నియు ఫలములేని సేద్యము. ఌ, ౡ లకొఱకు ఐదేండ్ల బిడ్డను బాధింప నేల?

అందుచేత మేము క, ల, ప, డ, వ అను ఐదక్షరములతో మొదలుపెట్టుదుము. ఈ యైదింటితోనే ఎన్ని మాటలు వచ్చునో చూడుడు: కల, వల, వడ, పలక, కలప, పడవ, కడవ, పడక. గుణింతము లేదు, ఒత్తు లేదు. ఎనిమిది మాటలును బిడ్డ యింటిలోనివే. వడ్రంగి బిడ్డకు కలప తెలియదా? గోదావరి యొడ్డు బిడ్డకు పడవ తెలియదా? దినమునకు ఒక్క యక్షరము. ఆరవ దినమున బిడ్డ మాట చదువును. ఆ దినమున వాని ముఖమున కనబడు వెలుగు మీరు చూడవలెను. అంతకుమించిన యుత్సాహమును ఏ బహుమానమును ఈయలేదు. తరువాత గ, ర, త, ద, న, మ చేర్చుడు: గడప, వరద, తల, నగ, నడక, మడత, మరక. పిదప అ, ఆ, ఈ, ట చేర్చినచో అల, అరక, ఆట, ఈత వచ్చును. ఇట్లు రెండు మూడు నెలలలో అక్షరములలో ముఖ్యమైనవన్నియు మాటలతోడనే వచ్చును.

ఇందొక జాగ్రత్త. ఒకదానినొకటి పోలిన యక్షరములను ఒకే వారమున నేర్పరాదు. ప, ఫ, ష, స లు ఒక గుంపు. వ, మ, య లు ఒక గుంపు. డ, ద, ధ, థ లు ఒక గుంపు. బ, భ లు ఒక జత. ఒకటి గట్టిగా నాటుకొన్న పిమ్మటనే దానిని పోలినదానిని చూపి, 'ఇది యెక్కడ వేరుగా నున్నది?' అని బిడ్డచేతనే చెప్పింపవలెను.

మూడవది, చేతిపని. పూర్వము వీధిబడిలో ఇసుకమీద వ్రాయించెడివారు. 'ఓం నమశ్శివాయ సిద్ధం నమః' అని వ్రాయించుటనుండియే ఓనమాలు అను పేరు వచ్చినది. ఆ యిసుకబడిని చిన్నచూపు చూడరాదు. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథబాలుర పాఠశాలకు పెద్దగా చేరిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు, మన దేశపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచి ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. తెలిసిన పిల్లవాడు తెలియనివానికి చెప్పు నేర్పాటును అందు చేర్చి, 1797లో ఇంగ్లండున ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యను పేర ఆ దేశమంతట వ్యాపించెను. మన యింటి ముంగిటి యిసుక సీమలు దాటినది. మన పిల్లలకే దూరమైనది.

కావున పళ్లెములో ఇసుక పోసి వ్రేలితో దిద్దింపుడు. నేలమీద పెద్ద యక్షరము సుద్దతో వ్రాసి దానిమీద చింతగింజలు పేర్పింపుడు. వంపు ఎక్కడ తిరిగినదో వ్రేళ్లకు తెలియును. స్వర్ణకారుల యిండ్లలో తూకమునకు వాడిన గురువిందగింజలు కొన్ని యిప్పటికిని ఉండవచ్చును. వానిని మాత్రము పిల్లల చేతి కీయకుడు, నమిలినచో విషము. పలకయు బలపమును ఆ తరువాతివి. బలపము పట్టుటకు ముందు బిడ్డ వ్రేళ్లకు బలము రావలెను గదా. వ్రాత వంకరగా నున్నదని తొందరపడకుడు. చదువు ముందు నడచును, వ్రాత వెనుక వచ్చును.

నాల్గవది, గుణింతము. క కా కి కీ యని వరుస ముగించి, గ గా గి గీ యని మరల నెత్తుకొనుట పాత వాడుక. మేము దానిని అడ్డముగా త్రిప్పి చెప్పుదుము. ఒక గుర్తును తీసికొని తెలిసిన యక్షరము లన్నింటికి చేర్పింపుడు. మొదట దీర్ఘము: తాత, మామ, పాప, పాట, బావ. అవి నిలిచిన పిదప గుడి: నది, గిలక, చిలక, అడవి. ఆ పిదప కొమ్ము: పులి, గుడి, ముడుపు. ఆ తరువాత సున్న: గంప, దండ, రంపము. వారమునకు ఒక గుర్తు చాలును. పు, వు లలో కొమ్ము వేరు విధముగా చేరుననియు, మొ, యొ లలో ఒత్వము వేరు రూపము దాల్చుననియు అప్పటికప్పుడు చూపుడు. ముందుగా సూత్రము చెప్పకుడు. ఉలి, బాడిస, చిత్రిక, కొలిమి, రంపము, సమ్మెట, వీనిని వస్తువుచెంత చీటీ యంటించి చదివింపుడు. మన పనిముట్లే మన పిల్లలకు బాలశిక్ష.

ఐదవది, ఒత్తులు. ఇక్కడనే చాలమంది పిల్లలు తొట్రుపడుదురు. హల్లులలో చాలవాని యొత్తులు తమ తల్లియక్షరమును పోలియుండును. కొన్ని తలకట్టు మాత్రము విడుచును. కాని త, న, మ, య, ర, ల యను నారింటి యొత్తులు తల్లిని పోలవు. ఇవి కష్టము. అయినను ఒక విచిత్రము చూడుడు: బిడ్డకు పుట్టినది మొదలు నోట నాడు మాటలలోనే ఇవి యున్నవి. అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఆరు ఒత్తులు ఆరు మాటలు. బంధువుల పేర్లు వ్రాసి యిచ్చినచో ఒత్తు తానై వచ్చును. తరువాత అక్క, అవ్వ, నాన్న, తమ్ముడు, చెల్లెలు. ఇల్లే వాచకము, బంధువర్గమే పాఠము.

ఆరవది, వాక్యము. బిడ్డ చెప్పిన మాటనే కాగితముమీద పెట్టి వానిచేతనే చదివింపుడు. 'తాత కలప కోసిండు' అని బిడ్డ యన్నచో 'కోసిండు' అనియే వ్రాయుడు. మేము మీ ముందర మాటాడుచున్నది గ్రాంథికము. అది మాకు అభ్యాసము వలన వచ్చినది. బిడ్డకు మొదట చూపవలసినది వాని నాలుకమీది తెలుగు. నోటిమాటయే కాగితముమీదికి వచ్చినదని బిడ్డ గ్రహించిన నాడు చదువు గుట్టు తెలిసికొన్నట్లే. పుస్తకపు తెలుగు ఆ వెనుక తానే వచ్చును. ఇంటనుండి వెలుపలికి వచ్చినప్పుడు బస్సుమీది బోర్డు చదివింపుడు. మధిర, చర్ల, పాల్వంచ, మణుగూరు. ములకలపల్లి బోర్డు చూచినచో తాను మొదట నేర్చిన 'కలప' యా యూరి పేరులో దాగియున్నదని బిడ్డ కేకవేయును.

కాలనియమము చెప్పవలెను. దినమునకు పావుగంట చాలును. కాని ఏ దినమును తప్పరాదు. బిడ్డ 'ఇంకొకటి' అని యడుగుచుండగానే ఆపవలెను, విసిగినప్పుడు కాదు. కొట్టరాదు, తిట్టరాదు, ప్రక్కింటి బిడ్డతో పోల్చరాదు. ఏడాది శ్రద్ధగా నేర్పియు ఏడవయేట అక్షరములు తారుమారగుచున్నచో మందబుద్ధి యని ముద్ర వేయకుడు. ముందు కన్నులు, చెవులు పరీక్ష చేయింపుడు. అవి బాగుగనే యున్నచో, తెలివియుండియు అక్షరములు పట్టువడని స్థితి యొకటి గలదు, డిస్లెక్సియా యందురు. అట్టి బిడ్డకు వేరు పద్ధతిలో ఓపికతో నేర్పినచో చదువు వచ్చును.

ఇచ్చట రెండు సందేహములు మీ మనస్సులలో నుండవచ్చును. 'మాకే చదువు రాదు, మేమేమి నేర్పుదుము?' అని తల్లు లందురు. అమ్మలారా, చదువురాని తల్లి చేయగల పని చదువుకొన్న తండ్రి చేయని యిండ్లు పెక్కు గలవు. కథ చెప్పుటకు అక్షరము లక్కఱలేదు. మాటలను విరుచు ఆటకు అక్షరము లక్కఱలేదు. బడినుండి వచ్చిన బిడ్డను ఒడిచెంత కూర్చుండబెట్టుకొని, 'ఏదీ, ఈ పూట యేమి చదివితివి, నాకు చదివి చెప్పు' అని యడుగుడు. బిడ్డ వ్రేలు ఒక్కొక్క మాట క్రింద కదలుచున్నదా, లేక కన్ను ఆకాశము చూచుచు నోరు పాడుచున్నదా, అది కనిపెట్టుటకు చదువు రానక్కఱలేదు. అంతేకాదు, బిడ్డవెంట తానును నేర్చుకొన్న తల్లులు గలరు. పెద్దబిడ్డ చిన్నబిడ్డకు నేర్పవచ్చును; బెల్ దొర మెచ్చిన పద్ధతి యదియే. ఆడుబిడ్డకు సైతము అదే పలక, అదే పావుగంట ఈయవలెనని వేరుగ చెప్పవలసివచ్చుట మాకు కష్టముగ నున్నది, అయినను చెప్పుచున్నాము.

రెండవ సందేహము ఇంగ్లీషునుగూర్చి. 'తెలుగు చదివిన ఏమి వచ్చును? మా బిడ్డను మూడవయేటనే ఇంగ్లీషు బడిలో వేసితిమి' అని తండ్రు లందురు. ఇంగ్లీషు రావలెను, కాదనము. కాని మా అడవియంచు బడులలో మేము చూచిన దొకటి చెప్పెదము. కోయగూడెమునుండి వచ్చిన బిడ్డకు బడిలో మొదటిదినమున రెండు బరువులు: అక్షరమును క్రొత్తది, మాటయు క్రొత్తది. ఇంట కోయభాష, పుస్తకములో తెలుగు. అందుచేతనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చుకొని, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, సొంత వ్యయముతో సవరపిల్లలకు బడులు నడపిరి. 1943లో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున హైమెండార్ఫ్ పండితుడు గోండులకు గోండిభాషలోనే చదువు మొదలుపెట్టించెను. 2004 ప్రాంతమున నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, సవర, గోండి మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో వాచకములు వేయించెను. ఇంటి మాటతో మొదలుపెట్టినగాని అక్షరము నిలువదని వీరందరును గ్రహించిరి. కోయబిడ్డకు ఆ రెండు బరువులు విధి వలన వచ్చినవి. మనమో, శుల్కము చెల్లించి మన బిడ్డ నెత్తిమీద అవే రెండు బరువులను పెట్టించుచున్నాము.

తెలుగున 'క' యను అక్షరము పేరును 'క', పలుకును 'క'. ఇంగ్లీషున 'సీ' యను అక్షరము 'క్యాట్'లో ఒకతీరు, 'సిటీ'లో మరొకతీరు పలుకును. సులభమైనది ముందా, కఠినమైనది ముందా? చిత్రిక పట్టుటకు ముందు నగిషీ చెక్కించు వడ్రంగి గలడా? ఒక భాషలో చదువుట వచ్చిన బిడ్డకు రెండవ భాషలో చదువుట మరల మొదటినుండి నేర్చుకొనుట కాదు. చేయి తిరిగిన పనివానికి క్రొత్త పనిముట్టు వంటిది. 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ బడులలోను ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టిరి. పాఠ్యపుస్తకమున ఒక ప్రక్క ఇంగ్లీషు, ఎదుటి ప్రక్క తెలుగు ముద్రించిరి. ఆ తెలుగుపుట చదువలేని బిడ్డకు ఆ యేర్పాటువలన ప్రయోజన మేమి? 2018 నాటి చట్టము రాష్ట్రమునందలి అన్ని బడులలోను పదవ తరగతివరకు తెలుగు తప్పనిసరి చేసినది. చట్టము పుస్తకము నీయగలదు. పుస్తకము నందుకొను కన్ను ఇంటిలో తెరువబడవలెను.

మన కులవృత్తులకును ఈ చదువు ప్రాణావసరము. 2021 జూను నుండి బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర క్రమక్రమముగా నిర్బంధమైనది. ఆ ముద్ర, ఆ సంఖ్య, ఆ రసీదు చదువలేని స్వర్ణకారుడు పెద్ద దుకాణమువాని చేతిలో కూలివాడై మిగులును. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము విశ్వకర్మ పథకమును ప్రారంభించి వడ్రంగి, కమ్మరి, స్వర్ణకారుడు, శిల్పి మొదలైన పదునెనిమిది వృత్తులవారికి శిక్షణయు ఋణమును ఈయబూనినది. ఆ దరఖాస్తు తెలుగున చదివి చెప్పుటకు ఇంటిలో మనిషి లేక, మధ్యవర్తి చేతిలో వ్రేలిముద్ర వేసి వచ్చినవారు మనలో ఎందరో ఎవరికి వారు తలచికొనవలెను. ఉలిచేత బ్రతికిన కులము కాగితముచేత మోసపోరాదు.

తుదకు సంఘమువారికిని పోషకులకును మా విన్నపములు నాలుగు. మొదటిది: రానున్న విజయదశమి నాటికి మన కులములో నాలుగేండ్లు నిండిన ప్రతి బిడ్డకు, ఆడుగాని మగగాని, ఒక పలక, ఒక బలపముల పెట్టె, ఒక వాచకము సంఘము పక్షమున చేర్పవలెను. సన్మానముల ఫ్లెక్సీలకు చేయు వ్యయములో కొంతభాగము దీనికి చాలునని మా నమ్మిక. రెండవది: పదవ తరగతి మార్కులకు బంగారుపతకము లిచ్చుచున్నాము, సంతోషము. రాబోవు మహాసభలో ఆరేండ్ల బిడ్డ యెవరైనను ఈ వేదిక నెక్కి, ముందు చూడని పది వాక్యములు చదివినచో ఒక కథలపుస్తకము బహుమానముగా నీయవలెను. పోటీ వద్దు, చదివిన ప్రతి బిడ్డకును ఈయవలెను. మూడవది: సెలవులలో ఇంటికి వచ్చు మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు తలకు ఐదిండ్ల చొప్పున బాధ్యత వహించి, తల్లులకు ఈ పద్ధతి చూపవలెను. నాల్గవది: ఆ అరుగుమీద మన బిడ్డ ప్రక్కన కోయబిడ్డ, లంబాడీబిడ్డ వచ్చి కూర్చున్నచో చాప ఇంకొకటి పరువవలెను. తరతరములుగా వారికి నాగలి చేసి యిచ్చినది మనమే. వారి ధాన్యము తిన్నది మనమే. పలక మాత్రము వేరు చేయుట ధర్మము కాదు.

మహాజనులారా! ఈ పని రేపటినుండి యనవలదు. ఇంటికి పోవుదారిలో బలపము దొరకును. ఇసుకకు వెల లేదు. ఐదక్షరములు మేము చెప్పితిమి: క, ల, ప, డ, వ. ఆరవ దినమున మీ బిడ్డ మొదటి మాట చదివినప్పుడు మా యుపన్యాసము సార్థకమైనట్లు భావింతుము. మన సంఘమునకును, మన బిడ్డలకును, ఈ ప్రాంతముననున్న సమస్త ప్రజలకును వాగ్దేవి ప్రసన్నురాలగుగాక.